మూడున్నర వేళ్ళు

లేదా బొమ్మలోని ఆ చేతులు ఎవరికీ మొక్కడం లేదేమో, అలసిపోయి ఒకదాని మీద ఒకటి వాలి ఉన్నాయేమో అని కూడా అనుకున్నాను. రాసిన వాక్యం కొట్టేశాను. మళ్ళీ రాశాను. మనిషి యంత్రం ముందు చేతులు జోడించి నిలబడ్డాడు, అని. అది బాగుందనిపించింది. బాగుందనిపించిన వాక్యాన్నే ముందు అనుమానించాలని కాలేజీలో పిల్లలకు నేనే చెప్తుంటాను. కాని ఆ ఎండాకాలం నాకు అనుమానించే ఓపిక లేకపోయింది.

పోయిన ఎండాకాలం మాట ఇది. నారాయణఖేడ్‌లో బస్ డిపో వెనక మా ఇల్లు. ముందు గదిలో అక్క సుమిత్ర కుట్టుమిషను, వెనక గదిలో నా పుస్తకాలు. మధ్యన ఒక గోడ. నేను ఒక ప్రైవేటు బీఎడ్ కాలేజీలో మనోవిజ్ఞానం చెప్తాను. ఏప్రిల్ దాటితే క్లాసులుండవు. ఎదుటి మనిషి లోపల ఏం జరుగుతోందో పసిగట్టడం నా పని అని నమ్మి బతికినవాణ్ణి. అక్క కుడిచెయ్యి పోతున్న సంగతి ఆ రెండున్నర నెలలు నేను కనిపెట్టలేదు. ఆమె చెప్పలేదు అనడానికి కూడా లేదు. బొమ్మ వేసి మరీ చెప్పింది. నేను ఆ బొమ్మ మీద పదకొండు పేజీల వ్యాసం రాశాను.

అక్క చిన్నప్పుడు డ్రాయింగ్ లోయరు, టైలరింగ్ లోయరు రెండు పరీక్షలూ ఒకే ఏడు పాసయింది. మొదటి సర్టిఫికెట్టు ట్రంకుపెట్టెలో ఉంది. రెండోది అన్నం పెడుతోంది. బీదర్‌లో మొగుణ్ణి వదిలి వచ్చి పదిహేనేళ్ళు. వచ్చిన రోజు నుండి ఆ మిషను ఆగింది తక్కువ.

సర్కారు బడి పిల్లల బట్టలు ఇప్పుడు మహిళా సంఘాలే కుడుతున్నాయి. అక్క సంఘంలో పదిమంది ఆడవాళ్ళు. కుట్టడం అందరూ కుడతారు గాని కత్తిరింపు మొత్తం అక్కదే. ఎనిమిది మడతల గుడ్డను నేల మీద పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, పెద్ద కత్తెరతో ఒకే ఊపున కోసేది. ఇంకొకరు కోస్తే కింది మడత జరుగుతుంది, ఒక చెయ్యి పొడుగు ఒక చెయ్యి పొట్టి అవుతుంది. అందుకని ఆరువందల అంగీలు ఆమె చేతిలోంచే పోవాలి. జూన్‌లో బడి తెరిచే నాటికి అందాలి.

కొలతల కాగితాలు వచ్చిన రోజు అక్క వాటిని తిరగేసి మరగేసి చూసింది. ఛాతీ, పొడవు, చెయ్యి. తరగతి, నంబరు.

"గీ కాయితాలల్ల పోరగాండ్లేరి తమ్మీ? అంగీలే నడిచి బడికి పోతయా ఏంది?" అంది.

ఆ మాటను నేను నోటుపుస్తకంలో రాసుకున్నాను. అప్పుడే హైదరాబాదు నుండి ఒక మిత్రుడు ఫోన్ చేసి ఉన్నాడు. వాళ్ళ మాసపత్రిక మనిషీ యంత్రమూ అనే అంశం మీద ప్రత్యేక సంచిక వేస్తోంది, ఏదైనా ఒక చిత్రాన్ని తీసుకుని మనోవిజ్ఞానం వైపు నుండి రాయమని. ఏ చిత్రం అని నేను వెతుకుతుంటే, చిత్రం మా ఇంటి కిటికీలోనే తయారైంది.

తూర్పు కిటికీకి ఎండ ఆగడం కోసం అక్క ఒక పాత ఫ్లెక్స్ ముక్క మేకులు కొట్టి బిగించింది. తెల్లటి వెనక వైపు ఇంట్లోకి. ఏప్రిల్ చివర్లో మధ్యాహ్నాలు కరెంటు పోవడం మొదలైంది. మిషను మోటరు ఆగేది. మోటరు ఆగితే ఇంట్లో ఒక రకమైన నిశ్శబ్దం, చెవిలో నీళ్ళు పోయినట్టు. ఆ గంటా గంటన్నర అక్క ఊరికే కూర్చోలేక, గేటుకు వేయగా మిగిలిన రంగు డబ్బాలు తీసి ఆ ఫ్లెక్స్ మీద బొమ్మ వేయసాగింది. బ్రష్షును రోకలి పట్టినట్టు పిడికిలితో పట్టుకుని వేసేది. శిక్షణను వదిలేసి ఆదిమ దశకు వెళ్ళిన చెయ్యి, అని రాసుకున్నాను.

పది పన్నెండు మధ్యాహ్నాల్లో బొమ్మ నిండింది. మధ్యలో ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. తల లేదు. తల ఉండాల్సిన చోట మిషను చక్రం. ఎదురుగా కుట్టుమిషను, దానికి బర్రె కాళ్ళు, అది కుండలోంచి దారం తాగుతోంది. వెనక, పిల్లలు లేని అంగీలు వరసగా నడిచి ఒక గేటులోకి పోతున్నాయి. ఆకాశంలో సూర్యుడి బదులు సూది, సూది బెజ్జంలోంచి కనపడే కంది చేను. ఇవన్నీ చిన్నవి. ముందు, ఆ మనిషి కంటే పెద్దగా, నేల మీద పడి ఉన్న ఒక కుడిచెయ్యి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు ఇనుప రంగు. ఉంగరపు వేలు నిలువునా సగం ఇనుము, సగం చర్మం. చిటికెనవేలు ఒక్కటే మామూలు వేలు. ఇనుప వేళ్ళలో ఏడెనిమిది సూదులు గుచ్చుకుని ఉన్నాయి, నెత్తురు లేదు. చిటికెన వేలికి ఒక్క సూది గుచ్చుకుంది. దాని పక్కన ఎర్రటి చుక్క.

పొద్దున్నే నేను చాయ్ పట్టుకుని దాని ముందు కూర్చునేవాణ్ణి. ఏడు గంటలకు కిటికీ మీద ఎండ పడగానే ఒక అద్భుతం జరిగేది. బొమ్మ లోపలి నుండి ఇంకో జత చేతులు తేలేవి, జోడించినవి, పెద్దవి, లేత గులాబి రంగువి. తొమ్మిదింటికి మాయమయ్యేవి. అక్క పలచటి రంగుతో కావాలనే అలా వేసిందనుకున్నాను. అచేతనం అంటే ఇంతకన్నా బాగా ఎవరు చూపిస్తారు. నా వ్యాసానికి ఆ చేతులే ఇరుసు.

గౌసియా మా వీధిలోనే ఉంటుంది. అక్కతో పాటు సంఘంలో ఉంది. గుండీలు పట్టే కాజాలు ఆమె కుడుతుంది. అక్కకు ఈ మధ్య సూదిలో దారం ఎక్కడం లేదని, రోజూ ఆమే ఎక్కించి ఇస్తోంది. చూపు తగ్గిందేమో అనుకున్నాను. నిజానికి అది కూడా అనుకోలేదు, నాకు ఆ సంగతి ఒక చప్పుడులా వినిపించి పోయింది.

"సారూ, రోజూ గంటలకు గంటలు జూస్తున్నవ్. నీకు గా బొమ్మల ఏం గనవడ్తుంది?" అంది ఒకరోజు.

"యంత్రం మనిషిని కొద్దికొద్దిగా తనలా మార్చుకుంటున్నట్టు."

"నాకైతే గా బర్రెకాళ్ళ మిషను మా అత్త లెక్క గనవడ్తుంది. ఎంత తాగినా కుండ దిక్కే జూస్తది."

అక్క నవ్వింది. నవ్వుతూనే చాయ్ గ్లాసు అందుకోబోయింది. గ్లాసు వేళ్ళ మధ్య నుండి జారి గచ్చు మీద పగిలింది. ఆ నెలలో అది మూడో గ్లాసు.

"ఏమైంది అక్కా?" అంది గౌసియా.

"ఏంలేదు. చెమట చెయ్యి."

నేను లోపలికి వెళ్ళి రాసుకున్నాను. వస్తువులను జారవిడవడం: బయటికి చెప్పుకోలేని కోపం. గోడ అవతల రాత్రిళ్ళు గాజుల చప్పుడు వినిపించేది, అది కూడా ముందే రాసి పెట్టుకున్నాను. నిద్రలేమి: అణచుకున్న దుఃఖం. నా పుస్తకంలో ఒక ఆడమనిషి తయారవుతోంది. గోడ అవతల ఇంకొకామె కత్తెర పట్టుకుని మోకాళ్ళ మీద ఉంది.

మే నెల చివరికి పదకొండు పేజీలు పూర్తయ్యాయి. అక్కకు చదివి వినిపించాలనిపించింది. ఒప్పుకోవాలంటే, మెప్పు కావాలనిపించింది. గౌసియా కాజాలు కుడుతోంది, అక్క కాలర్లు తిప్పుతోంది. చదివాను. మొదటి రెండు పేజీలకు అక్క ఊఁ కొట్టింది. మనిషి తన చేతులు జోడించి యంత్రాన్ని వేడుకుంటున్నాడు, ఆ చేతులు వెలుగులో మాత్రమే కనపడటం గమనించాలి, అనే చోటుకు వచ్చాను.

మిషను ఆగింది.

"ఆగు తమ్మీ. మొక్కే చేతులా? నేను మొక్కే చేతులు ఎక్కడేసిన?"

"పొద్దున ఎండకు కనపడతాయి కదా."

అక్క గౌసియా మొహం చూసింది. గౌసియా అక్క మొహం చూసింది. ఇద్దరూ ఒకేసారి నవ్వారు. గౌసియా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గవి ఫ్లెక్స్ మీది లీడర్‌వి తమ్మీ. బోరంచ నల్లపోచమ్మ కాడికి పోయే తొవ్వల స్వాగతమని కట్టిండ్రు గదా. జాతర అయినంక తెచ్చుకున్న. దాని ఎన్క మొక్కుకుంట నిలబడ్డడు."

"మరి తల?"

"తలకాయ ముక్క నాకిచ్చింది సారూ," అంది గౌసియా. "మా నీళ్ళ డ్రమ్ము మీద గప్పిన. రోజూ నన్ను జూసి నవ్వుతడు."

పక్క సందులోకి వెళ్ళి కిటికీని బయటి నుండి చూశాను. ఆ ఇంట్లో ఇన్నేళ్ళుండి నేనెప్పుడూ వెళ్ళని సందు. తెల్లచొక్కా, చేతికి గడియారం, రెండు ఉంగరాలు, మెడ దాకా కోసిన మనిషి. నెలరోజులుగా నేను మానవజాతి అనుకున్నది ఇదే. ఎండలో నిలబడి కొంచెం సేపు నవ్వొచ్చింది, తరువాత ఏమీ రాలేదు. చాలా అలసటగా అనిపించింది. నాలుగు పేజీలు కొట్టేశాను.

కాని వేళ్ళు ఉన్నాయి. వేళ్ళు అక్కే వేసింది, అందులో అనుమానం లేదు. మిగిలిన పేజీలు పట్టుకుని మళ్ళీ కూర్చున్నాను. ఉంగరపు వేలు సగం ఇనుము, సగం చర్మం కావడం, సగంలో ఆగిన దాంపత్యానికి గుర్తు అని చదివాను. చదువుతుంటేనే గొంతు తగ్గింది.

"మనకు పెండ్లి గుర్తు కాలేళ్ళకు గదా," అంది అక్క, దారం పళ్ళతో తెంపుతూ. కోపం లేదు. "చేతివేలికి ఎప్పుడొచ్చె?"

"పుస్తకాల్లో అట్లా ఉంటది."

"ఊఁ. మరి చెయ్యి గురించి ఏం రాసినవ్?"

"చెయ్యి పనిముట్టుగా మారిపోవడం గురించి. నొప్పి కూడా తెలియని స్థితికి మనిషి చేరడం గురించి."

ఆమె నా వైపు చూసింది. చాలాసేపు కాదు. బస్సు దిగే చోటు వచ్చిందా లేదా అని కిటికీలోంచి చూసినట్టు.

"గంతేనా?"

"ఇంకేముంది?"

"ఏంలేదు," అని అక్క పాదంతో మీట నొక్కింది. మిషను కదిలింది. ఆ చప్పుడులో గౌసియా ఏదో అంది, నాకు వినపడలేదు.

జూన్ వచ్చింది. అంగీలు కట్టలు కట్టి బడులకు పోతున్నాయి. అక్క వంతు చివరి కట్ట ముప్పైరెండు అంగీలు, గుండీలు కుట్టడం ఒక్కటే మిగిలింది. బక్రీద్‌కు గౌసియా బీదర్‌లో వాళ్ళ అమ్మ దగ్గరికి బయలుదేరింది. పోయేముందు పది సూదులకు దారం ఎక్కించి, గుడ్డ ఉండకు గుచ్చి, మిషను మీద పెట్టింది.

"పది సూదులున్నయ్ అక్కా. పొదుపుగ వాడుకో. నేనొచ్చేదాక చెయ్యి పరేషాన్ చెయ్యకు."

"జల్దీ రా," అంది అక్క.

"తమ్ముడున్నడు గదా ఇంట్ల."

"తమ్మునికి సూదిస్తే దానికి గూడ అర్థం చెప్తడు," అంది అక్క. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆదివారం మధ్యాహ్నం హన్నమ్మ వచ్చింది. ఆమె దవాఖానలో స్టాఫ్ నర్సు. చర్చి నుండి నేరుగా, కుట్టడానికిచ్చిన జాకెట్టు తీసుకుపోదామని. అక్క జాకెట్టు మడిచి సంచిలో పెట్టబోతే సంచి నోరు తెరుచుకోవడం లేదు. హన్నమ్మ అటు చూడలేదు. కిటికీ వైపు చూస్తోంది.

"గిదెవలేసిండ్రు?"

"నేనే. ఊకె, కరెంటు లేనప్పుడు."

"ఈ చెయ్యి ఎవలిది?"

అక్క కుడిచెయ్యి కొంగు కిందికి తీసుకుంది.

హన్నమ్మ బొమ్మ దగ్గరికి వెళ్ళి వేళ్ళను ఒక్కొక్కటీ తన వేలితో తాకింది. ఇనుపవి మూడు. సగం ఇనుపది ఒకటి. చిటికెనవేలు దగ్గర ఆగి, ఎర్రచుక్కను చూసి, వెనక్కి తిరిగింది.

"సుమిత్రా, ఇటు రా. కూసో. కండ్లు మూసుకో."

అక్క కూర్చుంది. హన్నమ్మ గుడ్డ ఉండలోంచి ఒక సూది తీసింది. అక్క కుడిచెయ్యి తన ఒడిలో వెల్లకిలా పెట్టుకుంది. నేను లోపలి గది గుమ్మంలో నిలబడి ఉన్నాను, చేతిలో కలంతో.

"ఇప్పుడు?" అని హన్నమ్మ బొటనవేలికి గుచ్చింది. అక్క మొహం కదలలేదు.

"ఇప్పుడు?" చూపుడువేలు. "ఇప్పుడు?" నడిమివేలు.

"గుచ్చు గదా మరి," అంది అక్క కళ్ళు మూసుకునే.

హన్నమ్మ సూదిని పక్కకు జరిపింది. ఉంగరపు వేలికి నడిమివేలి వైపు గుచ్చింది. ఏమీ లేదు. అదే వేలికి చిటికెనవేలి వైపు గుచ్చింది.

"స్స్," అంది అక్క.

ఆ చిన్న చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతుంది. వ్యాసంలో రెండు పేరాలు ఆ వేలి మీదే ఉన్నాయి.

"ఎప్పటిసంది?"

"దసర నుంచి తిమ్మిరి. ఉగాది నుంచి గిట్ల."

"నిద్రల లేచి చెయ్యి దులుపుకుంటున్నవా?"

"దులిపితే జెరంత నయమైతది."

గాజుల చప్పుడు.

"మణికట్టు కాడ నరం నొక్కుకపోయింది. గా కత్తెరతోనే. చూడు, బొటనవేలి కింద కండ పల్లమైంది. రేపు దవాఖానకు రా, డాక్టరు సంగారెడ్డికి రాసిస్తడు. ఇగ కత్తెర ముట్టకు. ఇంకా నానబెడితే చెయ్యి నీది గాదు."

"ముప్పైరెండు అంగీలున్నయి. బుధారం లోపల ఇయ్యాలె."

"అంగీలు నీ చెయ్యి దెచ్చిస్తయా?"

కాలర్లలో పెట్టే గట్టి బక్రం గుడ్డను హన్నమ్మ నాలుగు మడతలు చేసి, అక్క మణికట్టు వంగకుండా కట్టింది. కడుతూ నా వైపు తలెత్తింది.

"మహిపాల్ సారూ, బొమ్మ రోజు జూస్తలేవా?"

"చూస్తున్న."

"మరి?"

హన్నమ్మ లేచింది. జాకెట్టు సంచి తీసుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఆగస్టులో సంగారెడ్డిలో చిన్న ఆపరేషన్ అయింది. రెండు వేళ్ళకు స్పర్శ వచ్చింది. బొటనవేలికి ఇంకా సరిగా రాలేదు, రాకపోవచ్చు కూడా అన్నారు. సంఘంలో కత్తిరింపు ఇప్పుడు వేరే ఆమె చేస్తోంది. అక్క నేల మీద సుద్దతో గీతలు గీసి ఇస్తుంది. ఎడమచేత్తో. బొమ్మ కిటికీకే ఉంది, వానకు రంగు కొంత లేచింది. వ్యాసం పంపలేదు. మిత్రుడు రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు. ఇవన్నీ తరువాతివి.

హన్నమ్మ వచ్చిన మరునాడు, సోమవారం పొద్దున నేను లేచేసరికి అక్క మిషను పక్కన చాప మీద కూర్చుని ఉంది. దవాఖాన తొమ్మిదింటికి తెరుస్తారు. కట్టు కట్టిన కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది. ముందు అంగీల కట్ట, పక్కన డబ్బాలో తెల్ల గుండీలు. గుడ్డ ఉండ మీద తొమ్మిది సూదులు దారం లేకుండా ఉన్నాయి. ఆమె ఎడమచేతిలో పదో సూది, పళ్ళ మధ్య దారం కొస. సూదిని దారం దగ్గరికి తెస్తోంది, తప్పుతోంది, మళ్ళీ తెస్తోంది. ఎంతసేపటి నుండి చేస్తోందో తెలియదు. ఎవరి మీదా విసుగు లేని మొహం. ఇంకా కొంతసేపు చేయగలదు అనిపించింది, రోజంతా కూడా.

కిటికీ మీద ఎండ పడింది. లీడర్ చేతులు తేలాయి.

నేను ఎప్పటిలా చాయ్ పెట్టుకుని బొమ్మ ముందు కూర్చోబోయి, కూర్చోలేదు. చాప మీద ఆమె పక్కన కూర్చున్నాను. ఆ చాప మీద కూర్చోవడం నాకు అలవాటు లేదు, మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఇటియ్యి," అన్నాను.

అక్క పళ్ళ మధ్య దారంతోనే నా వైపు చూసింది. తరువాత దారం తీసి, "నీకొస్తదా?" అంది.

"రాదు."

సూది నా చేతిలో పెట్టింది. అంత సన్నటి వస్తువును నేను ఎప్పుడు పట్టుకున్నానో గుర్తులేదు. బెజ్జం ఎక్కడుందో వేళ్ళకు తెలియలేదు, తిప్పి చూడాల్సి వచ్చింది. మొదటిసారి దారం పక్క నుండి పోయింది. రెండోసారి కొస చీలి రెండుగా విడిపోయింది.

"కొస తడుపు."

తడిపాను.

"గట్ల గాదు. ఎలుగు దిక్కు పట్టు. సూదిని జరపకు, దారాన్నే తీస్కరా."

వెలుగు వైపు పట్టాను. బెజ్జంలోంచి కిటికీ కనపడింది, అందులో ఏముందో చూడలేదు. ఐదోసారికి దూరింది. దారం అవతలి నుండి లాగి, రెండు కొసలూ కలిపాను.

"ముడెయ్యి," అంది అక్క.

ముడి వేశాను. కట్ట మీది అంగీ తీసి ఒళ్ళో పరుచుకుని, పైనుండి మొదటి సుద్ద చుక్క వెతికి, దాని మీద గుండీ పెట్టి సూది దించాను.